పాత పికప్‌లో క్రాంక్ ముందు సీలు మార్చడం: కారే చోటు కనిపెట్టడం నుంచి పుల్లీ బిగించేదాకా

పాత బొలెరో పికప్ కిందో, టాటా 207 కిందో నల్లటి మరక కనపడగానే శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఏ షెడ్డుకి వెళ్లినా మొదట వినిపించే మాట "సీలు పోయింది, మార్చేద్దాం". సీలంటే తిరిగే ఇరుసు చుట్టూ ఆయిల్ బయటికి రాకుండా ఆపే రబ్బరు రింగు. మార్చేస్తారు. కొన్నాళ్లు పొడిగా ఉంటుంది. తర్వాత అదే చోట అదే మరక. అప్పుడు సీలు కంపెనీని తిట్టుకుంటాం. చాలాసార్లు కొత్త సీలుది తప్పు కాదు. పాత సీలు ఎందుకు పోయిందో ఎవరూ చూడలేదు, అంతే. ఇంజిన్ లోపలి గాలి బయటికి పోయే దారి పూడుకుపోయి ఉండొచ్చు. సీలు ఆనే పుల్లీ (ఫ్యాన్ బెల్టుని తిప్పే చక్రం) మెడ మీద గాడి పడి ఉండొచ్చు. ఈ రెండూ చూడకుండా సీలు ఒక్కటే మారిస్తే ఆ డబ్బులతోపాటు ఒక రోజు కిరాయి కూడా పోయినట్టే.

ఇక్కడ చెప్పేది ప్రధానంగా క్రాంక్ షాఫ్ట్ (పిస్టన్ల బలంతో తిరిగే ఇంజిన్ ఇరుసు, క్రాంకు అన్నా ఇదే) ముందు సీలు గురించి. 2,523 సీసీ డీఐ ఇంజిన్ ఉన్న పాత బొలెరో పికప్, 2,956 సీసీ టాటా 207 డీఐ లాంటి బళ్లలో ఇంజిన్ పొడవుగా కూర్చుని వెనక చక్రాలను తిప్పుతుంది కాబట్టి ముందు సీలు రేడియేటర్ వైపు నుంచి అందుతుంది. సాకెట్ సెట్టు, ఓపిక, సాయానికి ఇంకో మనిషి ఉంటే ఒక రోజులో అయ్యే పని. వెనక సీలు వేరే కథ, దాని సంగతి చివర్లో. మీ ఇంజిన్‌లో ముందు వైపు టైమింగ్ బెల్టు (క్రాంకుతో కలిపి వాల్వుల్ని నడిపే బెల్టు) ఉంటే మాత్రం ఈ పద్ధతి సరిపోదు. బెల్టు విప్పితే టైమింగ్ కలపాలి, అది తెలిసిన మేస్త్రి చేతికే ఇవ్వండి.

ఎందుకు వదిలేయకూడదు

"వారానికోసారి పావు లీటరు పోసుకుంటే పోతుంది కదా" అనుకునేవాళ్లు చాలామంది. ఆయిల్ ఖర్చు ఒక్కటే అయితే నేనూ అదే అందును. అసలు ఇబ్బంది బెల్టుతో వస్తుంది. ముందు సీలు నుంచి వచ్చే ఆయిల్ పుల్లీ మీద చిమ్ముతుంది, అక్కడి నుంచి ఫ్యాన్ బెల్టుకి పాకుతుంది. ఆయిల్ తాగిన బెల్టు ఉబ్బి, మెత్తబడి, జారుతుంది. చాలా పాత డీజిల్ పికప్‌లలో వాటర్ పంపు, ఆల్టర్నేటర్ ఆ బెల్టు మీదే తిరుగుతాయి. పెడల్ బలాన్ని పెంచే బ్రేకు బూస్టర్‌కి వ్యాక్యూమ్ ఇచ్చే పంపు కూడా ఆల్టర్నేటర్ వెనకే ఉంటుంది.

సాలూరు నుంచి సుంకి మీదుగా కోరాపుట్ వెళ్లే ఎన్‌హెచ్-26 ఘాట్ మీద లోడుతో ఎక్కేటప్పుడు బెల్టు జారితే ఇంజిన్ కాగిపోతుంది. అదే ఘాట్ దిగేటప్పుడు బెల్టు తెగితే బూస్టర్‌లో మిగిలిన వ్యాక్యూమ్ ఒకటి రెండు నొక్కులకే అయిపోయి, బ్రేకు పెడల్ రాయిలా బిగుసుకుంటుంది. బ్రేకు పూర్తిగా పోదు కానీ బలమంతా మీ కాలే పెట్టాలి. చమట పట్టినట్టు సన్నగా తేమ కడితే నెలల తరబడి గమనిస్తూ ఉండొచ్చు. చుక్కలుగా పడుతున్నా, బెల్టు లోపలి అంచు తడిగా కనిపించినా ఆగకండి, పని పెట్టుకోండి.

అది సీలేనా?

ఆయిల్ కిందికి కారుతుంది, ఫ్యాను గాలికి వెనక్కి పాకుతుంది. కాబట్టి మరక ఉన్న చోటే కారుతోందని అనుకోవద్దు. తడి ఉన్న ప్రాంతంలో అన్నిటికన్నా ఎత్తుగా, అన్నిటికన్నా ముందుగా ఉన్న చోటు వెతకాలి.

మన రోడ్ల ఎర్రదుమ్ము ఆయిల్‌తో కలిసి ఇంజిన్ ముందంతా అట్ట కట్టి ఉంటుంది. అది తీయకుండా ఏమీ తెలియదు. ఇంజిన్ చల్లారాక ఆల్టర్నేటర్‌కి ప్లాస్టిక్ కవరు కట్టి, డీజిల్, గట్టి బ్రష్షుతో ట్యాపెట్ కవర్ (ఇంజిన్ పైమూత) అంచు నుంచి ఛాంబర్ (అడుగున ఆయిల్ ఉండే తొట్టి) దాకా రుద్ది, పొడి గుడ్డతో తుడిచి బాగా ఆరనివ్వండి. తర్వాత ముఖానికి రాసుకునే మామూలు పౌడర్‌ని టైమింగ్ కవర్ (ఇంజిన్ ముందు మూత) మీద, పుల్లీ చుట్టూ, ఛాంబర్ అంచు మీద పల్చగా చల్లండి. బండి స్టార్ట్ చేసి పావుగంట ఐడిలింగ్‌లో ఉంచి, ఆపి, టార్చి పట్టుకుని చూడండి. తెల్లటి పొడి మీద ఆయిల్ ఎక్కడ మొదలైందో గీత గీసినట్టు కనిపిస్తుంది. తిరుగుతున్న ఫ్యాను దగ్గరికి చెయ్యి, తుండుగుడ్డ, వదులు చొక్కా ఏదీ పోనివ్వకండి.

ముందు సీలు పోతే ఆయిల్ పుల్లీ వెనక నుంచి బయల్దేరుతుంది. టైమింగ్ కవర్ కింది సగం తడుస్తుంది, పుల్లీ తిరిగే వరుసలో చుట్టూ చిమ్మిన చారలు పడతాయి, ఫ్యాను కౌల్ (ఫ్యాను చుట్టూ ఉండే తొడుగు) లోపలి అంచు కూడా మురికవుతుంది. చారలేమీ లేకుండా పైనుంచి ధారగా దిగితే ట్యాపెట్ కవర్ ప్యాకింగు అనుమానించండి. ఆల్టర్నేటర్ ఉన్న పక్కే తడిగా ఉంటే వ్యాక్యూమ్ పంపుకి వచ్చే ఆయిల్ పైపు, దాని బాంజో బోల్టు (లోపలి నుంచి ఆయిల్ పోయే బోలు బోల్టు) కింది రాగి వాషర్లు చూడండి. వీటిలో ఏది పోయినా నింద సీలు మీదే పడుతుంది. రాగి వాషర్‌తో పోయేదానికి రేడియేటర్ దించినవాళ్లున్నారు.

ముందు దాని ఊపిరి చూడండి

పిస్టన్ రింగుల పక్కనుంచి కొంత గాలి ఎప్పుడూ కిందికి, క్రాంక్ ఉన్న గదిలోకి దిగుతూనే ఉంటుంది. కొత్త ఇంజిన్‌లోనూ ఉంటుంది. అది బ్రీదర్ పైపు గుండా బయటికో, తిరిగి ఇన్‌టేక్‌లోకో పోవాలి. ఆ దారి మూసుకుంటే లోపల ఒత్తిడి పెరుగుతుంది. సీలు లిప్పు (ఇరుసుకి ఆనే లోపలి అంచు) ఆయిల్‌ని ఆపడానికే తప్ప ఒత్తిడిని ఆపడానికి తయారైంది కాదు, అందుకని ఒత్తిడి ముందు దాన్నే తోసుకుని బయటికొస్తుంది. మా వైపు పాత మేస్త్రీలు "ముందు దాని ఊపిరి సూడు బావూ, సీలు సంగతి తరవాత" అనేది ఇందుకే.

బ్రీదర్ పైపు రెండు చివరలా విప్పి, డీజిల్ పోసి కడిగి, నోటితోనో గాలి గొట్టంతోనో ఊది చూడండి. లోపల జిడ్డు గడ్డకట్టి దారి సన్నబడి ఉండటం మామూలే. ముసురు రోజుల్లో బండి ఎక్కువగా చిన్న దూరాలే తిరిగితే లోపలి తేమ ఆయిల్‌తో కలిసి తెల్లటి మీగడలా తయారవుతుంది, అదీ అడ్డుపడుతుంది. పైపు చివర బయటికి వేలాడే పాత మోడళ్లలో, బండి పంటలు లేని రోజుల్లో నెలల తరబడి కళ్లంలో ఆగి ఉంటే, కందిరీగ అందులో మట్టిగూడు కట్టేస్తుంది. పైపు నొక్కుకుపోయిందా, మడత పడిందా అన్నదీ చూడండి. జాలీ ఉన్న బ్రీదర్ అయితే జాలీని కూడా కడగాలి.

తర్వాత ఇంజిన్ వేడెక్కాక ఐడిలింగ్‌లో ఆయిల్ పోసే మూత తీసి, దాన్నే తిరగేసి రంధ్రం మీద ఊరికే పెట్టండి. మూత కొద్దిగా అదురుతూ, సన్నగా పొగ వస్తే పాత డీజిల్‌కి సహజం. మూత ఎగిరి కింద పడినా, పొగ గుప్పుగుప్పున కొట్టినా రింగులు, సిలిండర్ బోరు అరిగాయన్నమాట. దానికి ఎన్ని సీళ్లు మార్చినా నిలవదు. ఆ డబ్బు ఇంజిన్ పనికి దాచుకోవడం మేలు.

డిప్ స్టిక్ (ఆయిల్ మట్టం చూసే కడ్డీ) కూడా ఓసారి చూడండి. "కొంచెం ఎక్కువుంటే మంచిదే" అని పై గీత దాటించి పోసే అలవాటు మనలో చాలామందికి ఉంది. ఎక్కువైన ఆయిల్‌ని క్రాంకు చిలికి నురగ చేస్తుంది, సీళ్ల మీదికి కొడుతుంది. కొన్నిసార్లు ఆయిల్ గీతకి దించి, బ్రీదర్ కడిగితేనే కారడం ఆగిపోతుంది. అందుకే ఇవి చేశాక కొన్నాళ్లు తిప్పి చూడండి. ఆగకపోతేనే రేడియేటర్ విప్పడం.

సీలు కొనేటప్పుడు

పాత సీలు మీద మూడు అంకెలు వరసగా ఉంటాయి, ఉదాహరణకు 50×70×10 అని. మొదటిది లోపలి వ్యాసం, రెండోది బయటి వ్యాసం, మూడోది మందం, అన్నీ మిల్లీమీటర్లే. అంకెలు చెరిగిపోతే పాతదాన్ని తీశాక వెర్నియర్‌తో కొలవండి. షాపులో "బొలెరో ముందు సీలు" అని మాత్రమే అడగొద్దు. ఒకే పేరుతో ఏళ్ల తరబడి వచ్చిన బళ్లలో ఇంజిన్లు మారాయి. ఇంజిన్ నంబరు, తయారైన సంవత్సరం చెప్పి పార్ట్ నంబరుతో తీసుకోండి. శ్రీకాకుళంలోనో విజయనగరంలోనో దొరక్కపోతే విశాఖ ఆటోనగర్ ఉండనే ఉంది.

రబ్బరు రకం కూడా ముఖ్యమే. మామూలు నైట్రైల్ రబ్బరు ఎక్కువకాలం నూటికి పైబడ్డ డిగ్రీల్లో ఉంటే గట్టిపడి పెళుసవుతుంది. వైటాన్ 200 డిగ్రీల దాకా తట్టుకుంటుంది, ధర ఎక్కువ. కంపెనీ ఏది వేసిందో అదే వేయండి. నైట్రైల్ ఉన్నచోట వైటాన్ దొరికితే వేసుకోవచ్చు, వైటాన్ ఉన్నచోట నైట్రైల్ వేయొద్దు. రంగు చూసి రకం తేల్చేయకండి, గోధుమరంగులో ఉన్నదల్లా వైటాన్ కాదు. కొన్ని సీళ్ల మీద తిరిగే దిశ చూపే బాణం గుర్తు ఉంటుంది. ముందు నుంచి చూస్తే ఈ ఇంజిన్లు గడియారం ముల్లు తిరిగే వైపే తిరుగుతాయి. బాణం దానికి సరిపోవాలి.

సీలుతోపాటు తెచ్చుకోవాల్సినవి: కొత్త ఫ్యాన్ బెల్టు (పాతది ఆయిల్ తాగి ఉంటే కడిగినా లాభం లేదు), కూలెంట్, కొంచెం గ్రీజు, 600 నంబరు ఎమరీ పేపర్, సన్నటి సీలెంట్ ట్యూబు. పనిముట్లలో సాకెట్ సెట్టు, పొడవాటి టామీ బార్, బోల్టులతో పనిచేసే పుల్లర్, టార్క్ రెంచి, రెండు జాకీ స్టాండ్లు. పుల్లర్, టార్క్ రెంచి ఇంట్లో ఉండవు. తెలిసిన షెడ్డులో అడిగితే ఒక రోజుకి ఇస్తారు. ఇటుకల మీద, కొబ్బరి దుంగల మీద బండి నిలబెట్టి కింద దూరడం మన పల్లెల్లో రోజూ కనిపించేదే, అయినా వద్దు. ఇటుక పగిలేముందు చెప్పి పగలదు.

విప్పడం

చదునైన నేల మీద బండి పెట్టి, వెనక చక్రాలకు ముందూ వెనకా అడ్డాలు వేసి, బ్యాటరీ నెగటివ్ తీగ విప్పండి. ముందు సీలు చాలా ఇంజిన్లలో ఛాంబర్‌లోని ఆయిల్ మట్టానికి పైనే ఉంటుంది కాబట్టి ఆయిల్ దించడం తప్పనిసరి కాదు. ఆయిల్ మార్చే గడువు దగ్గరపడితే మాత్రం రెండూ కలిపి చేసుకోండి.

ఇంజిన్ పూర్తిగా చల్లారాకే కూలెంట్ దించి, మూత ఉన్న డబ్బాలో పట్టండి. కూలెంట్ తియ్యగా ఉంటుంది, పశువులూ కుక్కలూ నాకుతాయి, అది విషం. తర్వాత రేడియేటర్ గొట్టాలు, కౌల్, రేడియేటర్, ఫ్యాను ఆ వరసలో తీయండి. కొన్ని బళ్లలో కౌల్, ఫ్యాను తీస్తేనే చెయ్యి దూరేంత చోటు వస్తుంది. అయినా రేడియేటర్ తీసేయడమే నయం, పుల్లర్ జారి ట్యూబులకి తగిలితే ఖర్చు రెట్టింపు. విప్పేముందు ఫోనుతో నాలుగు వైపులా ఫొటోలు తీసుకోండి. ఆల్టర్నేటర్ బోల్టు వదులు చేసి బెల్టు తీసేయండి.

ఇక అసలు మొండిది, క్రాంక్ పుల్లీ మధ్య బోల్టు. కళింగపట్నం, భావనపాడు వైపు తిరిగే బళ్లకి ఉప్పుగాలి వల్ల ఇది తుప్పుతో అతుక్కుపోయి ఉంటుంది. ముందురోజు రాత్రే తుప్పు వదిలించే స్ప్రే కొట్టి ఉంచండి. బోల్టు తిప్పితే క్రాంకు కూడా తిరుగుతుంది కదా, దాన్ని ఆపడానికి బండిని టాప్ గేర్‌లో పెట్టి, హ్యాండ్‌బ్రేకు లాగి, సాయం మనిషిని బ్రేకు గట్టిగా తొక్కమనండి. మొదటి గేర్‌లో కన్నా టాప్ గేర్‌లో చక్రాల మీద పడే బలం తక్కువ, అందుకే టాప్. దీంతో ఆగకపోతే సెల్ఫ్ మోటారు విప్పి ఫ్లైవీల్ పళ్లకి అడ్డం పెట్టాలి. రెంచిని ఛాసిస్‌కి ఆనించి సెల్ఫ్ కొట్టి బోల్టు ఊడదీసే పద్ధతి కొందరు చేస్తారు. రెంచి ఎగిరితే చెయ్యి విరుగుతుంది, బోల్టు తల తెగినా ఆశ్చర్యం లేదు. దాని జోలికి పోవద్దు. చాలా ఇంజిన్లలో ఈ బోల్టుది మామూలు మరే, ఎడమవైపు తిప్పితే వదులవుతుంది. మాన్యువల్ చూసి నిర్ధారించుకుని బలం పెట్టండి. కొన్ని మోడళ్లలో పుల్లీని నాలుగైదు చిన్న బోల్టులు హబ్‌కి పట్టి ఉంచుతాయి, వాటిలో సీలు ఆనేది హబ్ మీద.

బోల్టు వచ్చాక పుల్లీని పుల్లర్‌తో లాగాలి. పుల్లీలో ఉన్న మర రంధ్రాల్లో పుల్లర్ బోల్టులు బిగించి సమానంగా లాగండి. బయటి అంచుకి మూడుకాళ్ల పుల్లర్ తగిలిస్తే లోపలి భాగానికీ బయటి రింగుకీ మధ్య ఉన్న రబ్బరు తెగిపోతుంది. గ్యాస్ మంట పెట్టినా అంతే. పుల్లీ బయటికొచ్చాక క్రాంకు మీదున్న కీ (పుల్లీ జారకుండా గాడిలో కూర్చునే చిన్న ఉక్కు ముక్క) పోకుండా భద్రపరచండి. బోల్టు లేకుండా ఉన్నంతసేపు ఇంజిన్‌ని తిప్పకండి.

పుల్లీ మెడ

ఈ పని నిలుస్తుందా లేదా తేలేది ఇక్కడే. సీలు లిప్పు చాలా బళ్లలో క్రాంకు మీద కాకుండా పుల్లీ వెనక వైపు పొడుచుకొచ్చిన మెడ మీద ఆనుతుంది. ఏళ్ల తరబడి లిప్పు అంచున చేరిన దుమ్ము సానరాయిలా పనిచేసి ఆ ఉక్కుమీద సన్నటి గాడి కోస్తుంది. మెత్తటి రబ్బరు ఉక్కుని కోస్తుందా అని నమ్మరు చాలామంది. మెడని శుభ్రంగా తుడిచి, వెలుగుకి అడ్డంగా తిప్పి చూడండి. చుట్టూ మెరిసే ఒక పట్టీ కనిపిస్తుంది. గోరుని మెడ పొడవునా, అంటే ముందునుంచి వెనక్కి, నెమ్మదిగా లాగండి. గోరు జారిపోతే అది ఊరికే మెరుపు, 600 ఎమరీకి కొంచెం ఆయిల్ తడిపి చుట్టూ గుండ్రంగా మాత్రమే తిప్పి తుడిస్తే చాలు. అటూ ఇటూ పొడవుగా రుద్దకూడదు, ఆ గీతలే ఆయిల్‌కి దారులవుతాయి.

గోరు ఆగిందంటే కొత్త సీలు లిప్పు ఆ గాడిలో సరిగ్గా ఆనదు. అప్పుడు మూడు దారులు. టైమింగ్ కవర్‌లో సీలు కూర్చునే రంధ్రంలో, అంటే కవర్ బోరులో, చోటు ఉంటే కొత్త సీలుని ఒకటి రెండు మిల్లీమీటర్లు ముందుకో వెనక్కో జరిపి, లిప్పు గాడి లేని చోట ఆనేలా కూర్చోబెట్టడం. ఖర్చు లేనిది, గాడి సన్నగా ఉంటే నాకిష్టమైనది. రెండోది, మెడ మీదికి ఎక్కే పల్చటి స్టెయిన్‌లెస్ రిపేరు స్లీవ్. పావు మిల్లీమీటరు పైచిలుకు మందమే ఉంటుంది కాబట్టి పాత సైజు సీలే సరిపోతుంది. మెడ కొలత సరిగ్గా ఇచ్చి తెప్పించాలి. లేతు షాపులో మెడని చెక్కించి మందమైన స్లీవ్ కొట్టిస్తామంటారు కొందరు. లేతు మేస్త్రి చెయ్యి మంచిదైతే పనిచేస్తుంది, మధ్యగీత ఏమాత్రం తప్పినా పుల్లీ ఊగి సీలుని నెల తిరక్కుండా తినేస్తుంది. మూడోది కొత్త పుల్లీ. రబ్బరు చిట్లినా, కీ గాడి అరిగి వదులైనా ఇదొక్కటే మార్గం.

పాత సీలు తీసి కొత్తది కూర్చోబెట్టడం

తీసేముందు పాత సీలు కవర్ అంచుకి సమంగా ఉందా, ఎంత లోపలికి ఉందా నాలుగు చోట్ల కొలిచి రాసుకోండి. లాగే హుక్కు ఉంటే దాంతోనే తీయండి. లేకపోతే సీలు ముఖం మీద ఎదురెదురుగా రెండు చిన్న రంధ్రాలు వేసి, స్క్రూలు ఎక్కించి, కట్టర్ ప్లయర్‌తో ఒకసారి ఇటు ఒకసారి అటు లాగితే వస్తుంది. డ్రిల్లు బిట్టుకి గ్రీజు పూస్తే ఇనుప రజను దానికే అంటుకుంటుంది, లోపలికి పడదు. బిట్టు సీలు రేకు దాటి లోతుకి పోకూడదు, క్రాంకుకి అస్సలు తగలకూడదు. పెద్ద స్క్రూడ్రైవర్ పెట్టి పెకిలిస్తే అల్యూమినియం కవర్ బోరు గీసుకుపోతుంది, తర్వాత సీలు బయటి అంచునుంచే కారుతుంది.

వచ్చిన పాత సీలుని పారేయకుండా లిప్పు వేళ్లతో వంచి చూడండి. ప్లాస్టిక్ ముక్కలా గట్టిగా ఉంటే వేడికీ వయసుకీ పోయింది. మెత్తగానే ఉండి ఒక పక్కే అరిగితే పుల్లీ సరిగ్గా తిరగట్లేదు. మెత్తగా, అంతా బాగానే ఉంటే బ్రీదర్‌నీ మెడనీ ఇంకోసారి చూడండి.

బోరుని గుడ్డతో తుడిచి, అంచున ఉన్న పాత సీలెంట్ గీకేయండి. కొత్త సీలు బయటి అంచు రేకుతో ఉంటే చుట్టూ సీలెంట్ పల్చగా, కనిపించీ కనిపించనట్టు పూయండి. ఎక్కువైతే లోపలికి ఊడిపడి ఆయిల్ దారుల్లో చేరుతుంది. బయటి అంచు రబ్బరుదైతే ఏమీ పూయొద్దు. లిప్పు వెనక ఉండే సన్నటి గుండ్రటి స్ప్రింగు కొట్టేటప్పుడు ఊడిపోకుండా ఆ గాడిని గ్రీజుతో నింపండి. స్ప్రింగు కనిపించే వైపు ఇంజిన్ లోపలికి, చదునైన ముఖం మీవైపుకి. తిరగేసి కొడితే మొదటి కిలోమీటరులోనే తెలుస్తుంది.

కొట్టడానికి సీలు బయటి అంచు మీద మాత్రమే ఆనే గొట్టం కావాలి. బోరు మోటారు పైపులు అమ్మే షాపులో సీలుతో సహా వెళ్లి, దాని బయటి వ్యాసం కన్నా చిటికెడు తక్కువున్న పీవీసీ కప్లింగ్ ఎంచుకోండి. కోసిన అంచు సమంగా ఉండాలి. కప్లింగ్ మీద చెక్కముక్క అడ్డం పెట్టి చిన్న సుత్తితో నెమ్మదిగా, గుండ్రంగా తిరుగుతూ కొట్టండి. మొదటి మిల్లీమీటర్లే కష్టం, అక్కడ ఒక పక్క లోపలికి పోయి ఇంకో పక్క లేస్తుంది. లేస్తే ఆపి సరిచేయండి, బలవంతంగా కొట్టకండి. సీలు పూర్తిగా కూర్చోగానే సుత్తి చప్పుడు బోలుగా ఉన్నది కాస్తా గట్టిబడుతుంది. అక్కడ ఆపి, రాసుకున్న లోతుతో నాలుగు చోట్లా సరిపోల్చండి. గాడి తప్పించడానికి జరిపి ఉంటే నాలుగు చోట్లా జరిపిన కొలత ఒకటే రావాలి.

మళ్లీ బిగించడం

సీలు లిప్పుకీ పుల్లీ మెడకీ శుభ్రమైన ఇంజిన్ ఆయిల్ రాయండి. పొడిగా ఎక్కిస్తే స్టార్ట్ చేసిన మొదటి క్షణాల్లోనే లిప్పు కాలిపోతుంది. పీటీఎఫ్‌ఈ (టెఫ్లాన్) లిప్పు సీలైతే మాత్రం దీనికి పూర్తిగా విరుద్ధం, మెడ పొడిగా ఉండాలి. డబ్బా మీద రాసింది చదవండి. కొన్ని ఇంజిన్లలో ఆయిల్ సీలు నుంచి కాకుండా కీ గాడి వెంట వచ్చి బోల్టు వాషర్ కింది నుంచి కారుతుంది. అందుకని కీ గాడిలో ముందు కొసకి కొంచెం సీలెంట్ పెట్టడం మంచి అలవాటు.

పుల్లీని కీకి సరిపెట్టి చేత్తో ఎక్కినంత ఎక్కించి, మిగతాది బోల్టు బిగిస్తూ లాక్కోవాలి. మరలు చాలినంత పట్టాకే బలం పెట్టండి. సుత్తితో కొడితే ఆ దెబ్బలన్నీ క్రాంకు థ్రస్ట్ బేరింగుల మీద పడతాయి. చివరి బిగింపు టార్క్ రెంచితోనే, మీ మోడల్ మాన్యువల్ చెప్పిన అంకెకే. పాత మాన్యువళ్లలో అంకె కేజీ-మీటర్లలో ఉంటుంది, రెంచి మీద న్యూటన్ మీటర్లు ఉంటే 9.8తో గుణించుకోండి. "చేతికి తెలుస్తుంది" అనే మేస్త్రీల చేతికి నిజంగానే తెలుస్తుంది. మొదటిసారి చేసేవాళ్ల చేతికి తెలియదు.

బెల్టు వేసి, రెండు పుల్లీల మధ్య పొడవైన చోట బొటనవేలితో నొక్కితే ఒక సెంటీమీటరు దిగేలా బిగించండి. ఫ్యాను, రేడియేటర్, కౌల్, గొట్టాలు పెట్టి కూలెంట్ నింపి, బ్యాటరీ తీగ మళ్లీ తగిలించాక, మూత తీసి కాసేపు ఐడిలింగ్‌లో ఉంచి గాలి పోనిచ్చి మళ్లీ నింపండి. ఆయిల్ గీత చూసి, తక్కువైతే కంపెనీ చెప్పిన గ్రేడే పోయండి. కారుతోందని 15W-40 గ్రేడు మానేసి అంతకన్నా చిక్కటి ఆయిల్ పోయడం, సీలు ఉబ్బించే డబ్బా మందులు కలపడం రోజులు నెట్టడానికే పనికొస్తాయి.

ఐడిలింగ్‌లో పావుగంట చూడండి. తర్వాత లోడు లేకుండా పది కిలోమీటర్లు తిప్పి, రాత్రి ఇంజిన్ కింద అట్టముక్క పరిచి పెట్టండి. కొత్త సీలు కొద్దిగా చెమ్మ చూపించి తర్వాత ఆరిపోవడం ఉంటుంది. చుక్క పడితే మాత్రం ఆగదు. కొత్త బెల్టు సాగుతుంది కాబట్టి వారం తిరిగాక బిగువు మళ్లీ చూసుకోండి.

కారుతున్నది వెనక సీలైతే

ఇంజిన్‌కీ గేర్‌బాక్సుకీ మధ్య, బెల్ హౌసింగ్ అడుగు నుంచి చుక్కలు పడుతుంటే ముందు ఆ ఆయిల్ ఏదో తేల్చండి. తెల్ల కాగితం మీద పట్టి చూడండి. ఇంజిన్ ఆయిల్ నల్లగా ఉంటుంది. గేర్ ఆయిల్ చిక్కగా, లేతరంగులో ఉండి గంధకం వాసన కొడుతుంది, అలాగైతే పోయింది గేర్‌బాక్స్ ఇన్‌పుట్ షాఫ్ట్ సీలు. ట్యాపెట్ కవర్ వెనక మూల నుంచి కారిన ఆయిల్ కూడా అచ్చం వెనక సీలులాగే కనిపిస్తుంది, పౌడర్ పరీక్ష అక్కడా చేయండి.

వెనక సీలుకి గేర్‌బాక్సు దించాలి, క్లచ్, ఫ్లైవీల్ తీయాలి. ఇంటి దగ్గర చేయదగ్గ పని కాదని నా అభిప్రాయం. గేర్‌బాక్సు బరువు చేతుల మీద ఆగదు. సీలు వందల్లో వస్తుంది, దించి ఎక్కించే కూలి వేలల్లో ఉంటుంది. అందుకని దించినప్పుడే క్లచ్ ప్లేటు, రిలీజ్ బేరింగు, క్రాంకు చివరనున్న పైలట్ బేరింగు, ఇన్‌పుట్ షాఫ్ట్ సీలు చూపించమని అడగండి. ఆయిల్ తాగిన క్లచ్ ప్లేటుని పెట్రోలుతో కడిగి మళ్లీ వేస్తామంటే ఒప్పుకోవద్దు, వేడెక్కగానే లోపలి ఆయిల్ ఊరి మళ్లీ జారుతుంది. బాగా పాత ఇంజిన్లలో వెనక సీలు రబ్బరు రింగు కాకుండా రెండు ముక్కల తాడులా ఉంటుంది. దానికి ఛాంబర్, బేరింగు క్యాపు కూడా విప్పాలి, కాబట్టి కూలి మాట్లాడుకునేముందే మీ ఇంజిన్‌లో ఏ రకమో మేస్త్రితో తేల్చుకోండి. పని మొదలుపెట్టేముందు బ్రీదర్ కడిగారో లేదో కూడా అడగండి.